మూతలేని కంప్యూటర్

మల్లికార్జున్‌కు ఒక వస్తువు కొనడం కన్నా దాని గురించి ఆరా తీయడంలోనే ఎక్కువ సంతోషం. ఇంట్లోకి మిక్సీ కొందామన్నప్పుడు దాని మోటారు గురించి ఎంత చదివాడంటే, మిక్సీ గడప దాటి లోపలికి వచ్చేసరికి తల్లి నర్సింగమ్మ ఆ ఏటి పచ్చళ్లన్నీ రోట్లోనే నూరేసింది. అలాంటి మనిషికి కంప్యూటర్ కొనే పని తగిలింది. ఇక చూసుకోండి. ఆ చలికాలమంతా కేతేపల్లిలోని వాళ్లింట్లో ప్రాసెసర్ అన్న మాట ఉప్పు, చింతపండుతో సమానంగా వినబడింది.

మల్లికార్జున్ నల్గొండలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. పొద్దున బైకు మీద పోయి సాయంత్రం వస్తాడు. పిల్లల ముందు ఎంత గంభీరమైన సారో, ఆదివారం వచ్చిందంటే అంత పిల్లవాడు. కార్ల పందెం ఆట దొరికితే అన్నం కూడా అడగడు. అయితే ఇప్పుడు కంప్యూటర్ కావలసింది అతనికి కాదు, భార్య నిహారికకు.

నిహారిక పెళ్లి వీడియోలు తయారుచేస్తుంది. కెమెరావాళ్లు రోజంతా తీసిన బొమ్మల్లో పనికిరానివి తీసేసి, పనికొచ్చేవి వరుసలో పెట్టి, పాట కలిపి, చూసినవాళ్లు ముక్కు చీదేటట్టు చేయడం ఆమె విద్య. పెళ్లి కాకముందు నల్గొండలో దివాకర్ స్టూడియోలో ఆ పనే చేసేది. పోయిన ఎండాకాలం కోడలై ఈ ఊరికి వచ్చింది, పని ఆగిపోయింది. మొన్న దివాకర్ ఫోన్ చేసి, మాఘమాసంలో ముహూర్తాలు మస్తుగా ఉన్నాయని, ఇంట్లో సొంత సిస్టం ఉంటే పని అక్కడికే పంపుతానని, లేదంటే వేరే మనిషిని చూసుకుంటానని చెప్పాడు. వేరే మనిషి అన్న మాట నిహారిక గుండెల్లో ముల్లులా దిగింది. ఆ పని ఒకసారి చెయ్యి జారితే మళ్లీ రాదనీ, తను వంటింట్లో కోడలుగా మాత్రమే మిగిలిపోతుందనీ ఆమె భయం. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు.

కొనేది ఒక్కటే. అది బల్ల మీద కూర్చునే డెస్క్‌టాపా, ఒళ్లో కూర్చునే ల్యాప్‌టాపా అన్నదే పంచాయితీ.

"రెండిట్ల ప్రాసెసర్ పేరొక్కటే బాపు," అన్నాడు మల్లికార్జున్ ఒకరోజు అన్నం తింటూ. "నంబరు గూడ ఒక్కటే. ఆఖర్ల ఒక్క అక్షరం తేడా."

"పేరొక్కటైతే పని గూడ ఒక్కటే గదా," అన్నాడు తండ్రి సైదులు. ఆయన వ్యవసాయం మనిషి. కొడుకు చెప్పేదంతా శ్రద్ధగా వింటాడు, కొడుకుకు అదొక్కటే పెద్ద బలం.

"కాదు. డెస్క్‌టాప్ల దానికి కరెంటు నిండుగ ఇస్తరు. వేడి బయటికి పోనీకి పెద్ద పెద్ద ఫ్యాన్లుంటయి. ల్యాప్‌టాప్ల అంత జాగ యాడిది? మొదలు జరసేపు రెండూ సమానంగనే ఉరుకుతయి. వేడెక్కినంక ల్యాప్‌టాప్‌ది నెమ్మదైతది. పెద్ద ఆటలైనా, పెండ్లి వీడియోలైనా, గంటలకొద్ది నడవాల్నంటే డెస్క్‌టాపే."

సైదులు ముద్ద కలుపుతూ కాసేపు ఆలోచించాడు.

"అంటే ఒక్క ఆవు కోడెలే. ఒకదానికి గంపెడు మేత, ఒకదానికి పిడికెడు."

"గట్లనే అనుకో."

"మరి పిడికెడు మేత దాన్ని ఎవడు కొంటడు?"

"దాన్ని సంకల వెట్టుకొని యాడికన్న పోవచ్చు. కరెంటు పోయినా పని ఆగది. నేను కాలేజికి తీస్కపోత, ఇంటికొచ్చినంక నిహారిక చేస్కుంటది. ఆదివారం మంచం మీద పండుకొని..." అని, భార్య ముఖం చూసి ఆగిపోయాడు. "నువ్వు చెప్పు. పని నీది."

నిహారికకు కావలసింది డెస్క్‌టాప్. దివాకర్ స్టూడియోలో ఆమెకు కిటికీ పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ ఉండేవి. ఆమె అక్కడ కూర్చుందంటే పని చేస్తోందని అందరికీ తెలిసేది. డెస్క్‌టాప్ అంటే మళ్లీ అలాంటి బల్ల కావాలి, కుర్చీ కావాలి, అన్నిటికన్నా ముందు జాగా కావాలి. ఇంట్లో ఉన్నవి ముందర హాలు, అత్తమామల గది, మంచం బీరువా పట్టగా నడవడానికి జానెడు చోటు మిగిలిన తమ గది, నడిమి అర్ర అనే మధ్య గది. నడిమి అర్రలో వడ్ల బస్తాలు, యూరియా సంచులు, మందు కొట్టే పంపు, కాలు విరిగిన మంచం కాపురం ఉంటున్నాయి. ఏడాది తిరగని కోడలు వాటిని లేవమని ఎట్లా అంటుంది? ఇల్లు తనదే అని అందరూ అంటారు గానీ, అందులో ఒక మూల నాకివ్వండి అనడానికి నోరు రాదు.

"ల్యాప్‌టాపే మంచిగుంటది," అంది. "యాడంటె ఆడ కూసొని చేస్కోవచ్చు."

అన్నదే గానీ కంచంలో అన్నం సగం వదిలేసింది. చారు వడ్డిస్తున్న నర్సింగమ్మ ఒక్కసారి కోడలి వైపు చూసి గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

మల్లికార్జున్ పరీక్షించకుండా కొనే రకం కాదు. తన కాలేజీలోనే పనిచేసే వెంకటేష్ సారు దగ్గర కొత్త ల్యాప్‌టాప్ ఉంటే బతిమాలి వారం రోజులకు ఇంటికి తెచ్చాడు. దానితోపాటు దివాకర్ ఒక పెళ్లిని హార్డ్ డిస్కులో నింపి పంపాడు. పెళ్లి నకిరేకల్‌లో అయింది. పదహారు రోజుల పండుగకు చుట్టాలందరి ముందు వీడియో వేయాలని పెళ్లికూతురి తండ్రి పట్టు. శనివారం సాయంత్రానికి అందాలని దివాకర్ గట్టిగా చెప్పాడు. ఇది సరిగ్గా చేస్తే మాఘమాసం పని నిహారికది.

మొదటి రోజు నిహారిక మంచం మీద బొంత పరిచి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది. మొదట్లో గుర్రంలా పరిగెత్తింది. కాసేపటికి లోపలి ఫ్యాన్ హోరెత్తి, బొమ్మలు ఆగి ఆగి కదలడం మొదలైంది. సైదులు చెయ్యి పెట్టి చూసి, "దీనికి జరమొచ్చినట్టున్నది బిడ్డా," అని, పెరట్లోకి పోయి రెండు పెంకు ముక్కలు కడిగి తెచ్చి కింద పెట్టాడు. గాలి ఆడింది, జ్వరం తగ్గింది. వేడి గురించి ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పిన సారు గారు మాత్రం ఆ సాయంత్రం అదే బొంత మీద అదే ల్యాప్‌టాప్ పెట్టి కార్లు నడిపి, "గీ ప్రాసెసర్‌ల దమ్ము లేదు," అని తేల్చాడు. చెప్పేవాడికి చేసేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ ఇద్దరూ ఒక్కడే.

పని మంచం మీద మొదలైంది గానీ మంచం మీద నిలవలేదు. మధ్యాహ్నం ఉతికిన బట్టలు వచ్చి మంచం మీద పడితే నిహారిక హాల్లోకి మారింది. హాల్లో మామ వార్తలు పెడితే వంటింటి గడప దగ్గరికి మారింది. అక్కడ పోపు చిటపటలు మీద పడతాయని వాకిట్లోకి పోతే, ఎండకు తెర మీద తన మొహమే కనబడింది తప్ప పెళ్లికూతురు కనబడలేదు. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న మనిషి ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది. "జర పాలు పొంగుతున్నయేమో చూడు," అంటారు. "జర గేటు తియ్యి," అంటారు. ఎవరైనా వస్తే నిహారికే మర్యాదకు ల్యాప్‌టాప్ మూసి లేచి నిలబడేది. మళ్లీ వచ్చి మూత తెరిచేసరికి ఎక్కడ ఆపిందో మరిచిపోయేది. ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్ కదా, ఒళ్లో పిల్లను దించినట్టు దించుతూనే ఉండాలి.

అయినా శనివారం పొద్దుటికి పని పూర్తిచేసింది. ఇక మిగిలింది ముక్కలన్నిటినీ కలిపి ఒక్క వీడియోగా చేసే పని. అది కంప్యూటరే చేసుకుంటుంది, మనిషి తాకకుండా వదిలేస్తే చాలు, కొన్ని గంటలు పడుతుంది. నిహారిక దాన్ని హాల్లో స్టూలు మీద పెట్టి, కింద పెంకు ముక్కలు సరిచేసి, ఒక దండం పెట్టి పెరట్లో బట్టలు ఉతకడానికి పోయింది.

ఆ రోజు మహిళా సంఘం సమావేశం వాళ్లింట్లో ఉంది. పక్కింటి యాదమ్మ ముందు వచ్చింది, వెనుక ఇంకో పదిమంది వచ్చారు. చాప పరవడానికి హాలు సర్దుతున్న నర్సింగమ్మ కంటికి స్టూలు మీద ల్యాప్‌టాప్ కనబడింది. పరాయి సొమ్ము. పిల్లలు వస్తారు, చాయ్ ఒలుకుతుంది, ఎవరి కాలో తగులుతుంది. ఆమె ఎంతో జాగ్రత్తగా మూత వేసి, కడిగిన తువ్వాల చుట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసింది. పసిపిల్లను పడుకోబెట్టినా అంత నెమ్మదిగా పెట్టరు. నిహారిక లోపలికి వచ్చి చూస్తే స్టూలు మీద చాయ్ గ్లాసులు ఉన్నాయి. ల్యాప్‌టాప్ సంగతి అడగబోయింది, అంతలో "నీ మిషన్ బీరువల భద్రంగ పెట్టిన, గీ చాయ్ అందరికియ్యి బిడ్డా," అంది నర్సింగమ్మ. అంతమంది ముందు బీరువా తీయమని అత్తను అడగలేకపోయింది.

వాళ్లంతా పోయాక తెరిచి చూస్తే పని సగంలోనే ఆగిపోయి ఉంది. ఆ సగం కూడా చెడిపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాలి, శనివారం సాయంత్రం దాటిపోతుంది. నిహారిక దాన్ని మళ్లీ మొదలుపెట్టి, వంటింట్లోకి పోయి గోడకు ఒరిగి ఏడ్చింది. అత్త మీద కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. చక్కగా తువ్వాలలో చుట్టి దాచిన మనిషి మీద కోపం ఎట్లా తెచ్చుకుంటావు?

మల్లికార్జున్ దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. సంగతి విని దివాకర్‌కు ఫోన్ చేసి, రేపు పొద్దున్నే తానే తెచ్చి ఇస్తానని బతిమాలాడు. అవతలి నుంచి వచ్చిన మాటలు అందరికీ వినబడ్డాయి. ఈసారికి సరే గానీ, ఇట్లా అయితే కష్టమని ఆ మాటల సారాంశం.

"మూతేస్తే అది నిద్రపోతదమ్మా," అన్నాడు తల్లితో. "అందుకే పని ఆగింది. ఏం ఫికర్ లేదు, మనది కొన్నంక సెట్టింగ్ మారుస్త. మూతేసినా లోపల నడుస్తనే ఉంటది."

నర్సింగమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. 

"మూతేసినంక లోపల పనైతాందని ఎవ్వరికెరుక?" అంది.

మల్లికార్జున్ ఫోన్ జేబులో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

"నిహారికా, ఇటు కూసో," అంది నర్సింగమ్మ. కోడలు వచ్చి పక్కన పీట వేసుకుంది. "నేను ఈ ఇంటికి అచ్చిన కొత్తల బట్టలు కుట్టేదాన్ని. మా తల్లిగారింట్ల నేర్చుకున్న. రవికె కుడితె ఒంటికి అతికినట్టుండాలె. మీ మామ కాలు మిషన్ కొనిస్తనన్నడు. నేనే అద్దన్న. ఇంట్ల జాగ లేదు, మంది ఎక్కువ. చేతి మిషన్ చాలు, యాడంటె ఆడ పెట్టుకొని కుట్టుకుంటన్న. మొన్న నువ్వన్నవు సూడు, అచ్చం గదే మాట."

నిహారిక తల వంచుకుంది.

"గడప కాడ కుట్టిన. కొట్టంల కుట్టిన. ఎవలన్న అస్తున్నరంటె తీసి మూలకు పెట్టేది. దానికి గూడ కట్టె మూత ఉండె. మా అత్త మంచిదే బిడ్డా, ఒక్కనాడు ఒక్క మాటనలె. దుమ్ము పడుతదని మూతేసి పెట్టేది. పెట్టంగ పెట్టంగ ఒకనాడు అటక మీద పెట్టింది. ఊరోళ్లేమో రవికెలు వేరే ఇంటికి తీస్కపోయిన్రు. ఆ ఇంటామెది కాలు మిషన్, వాకిట్లకు కనవడేది. నేను కుడ్తనని ఎవ్వరికి యాదికుంటది? నాకే యాదికి లేకుంట పోయింది." ఆమె పొయ్యిలో కట్టెను ముందుకు తోసింది. "యాడన్న పెట్టుకోవచ్చంటె యాడా జాగ లేనట్టే. ఇయ్యాల నీ మిషన్‌కు నేను మంచిగ మూతేసిన. మా అత్త వేసినట్టే."

 నిహారిక అత్త చెయ్యి పట్టుకుంది. ఇన్ని నెలల్లో ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"మూత లేనిదే కొను కొడుకా," అంది నర్సింగమ్మ, కళ్లు కొంగుతో తుడుచుకుంటూ.

"ఆటలకు గూడ అదే మంచిదమ్మా. దాంట్ల తర్వాత ఏదన్న మార్చాల్నన్నా..."

"నీ ఆట నీ ఇష్టం. ఆమె పని లేనప్పుడు ఆడుకో."

పొద్దున మల్లికార్జున్ వీడియో పట్టుకుని నల్గొండ పోయాడు. అతను అటు పోగానే ఇంట్లో వడ్ల బస్తాల వలస మొదలైంది.

"వీటిని యాడ పెట్టాలె?" అన్నాడు సైదులు నడుం పట్టుకుని.

"మన అర్రల."

"మన అర్రలనా? మరి మనం?"

"బస్తాలు మాట్లాడయి, గురక పెట్టయి. నీకన్న నయం."

సైదులు మొదటి బస్తాను భుజానికెత్తుకున్నాడు. ఆ వారంలో ఆయన మంచం దిగిన ప్రతిసారీ ఏదో ఒక బస్తాకు బొటనవేలు కొట్టుకున్నాడు, ప్రతిసారీ ప్రాసెసర్‌ను తిట్టాడు. యూరియా సంచులు కొట్టంలోకి, పంపు గోడ మేకుకు పోయాయి. కాలు విరిగిన మంచాన్ని ఎవరూ అడగలేదు కనుక అది పొయ్యిలోకి పోయింది. నడిమి అర్రకు సున్నం వేస్తే ఇంట్లో అంత పెద్ద గది ఉందా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఊరి వడ్రంగి పాత తలుపుకు నాలుగు కాళ్లు కొట్టి బల్ల చేసి ఇచ్చాడు.

దివాకర్‌కు వీడియో నచ్చింది. ఆలస్యం గురించి నాలుగు మాటలు అని, సిస్టం వచ్చిన రోజే ఫోన్ చేయమన్నాడు. ఇంకో నాలుగైదు రోజులు ఆరా తీసిన తరువాత మల్లికార్జున్ డెస్క్‌టాప్ తెచ్చాడు. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి పక్కన ఒక బ్యాటరీ డబ్బా కూడా తెచ్చాడు. నర్సింగమ్మ పసుపు కుంకుమ గిన్నెలతో వస్తే, గాలి పోయే రంధ్రాల దగ్గర మాత్రం పెట్టొద్దని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె పైన ఐదు బొట్లు పెట్టి, ఒక కొబ్బరికాయ కొట్టి, ఆ కొబ్బరి ముక్క మొదట కోడలి నోట్లో పెట్టింది. మాఘమాసం పెళ్లిళ్లు ఒకటి వెనుక ఒకటి నడిమి అర్రలోకి రావడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం గుర్వమ్మ వచ్చింది. ఆమె సైదులుకు అక్క. చిట్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమె వస్తోందంటే సైదులు కూడా చుట్ట ఆర్పేసి సర్దుకుని కూర్చుంటాడు. ఆమె వాకిట్లో కాలు పెట్టేసరికి కోడలు చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురు రావాలి, కాళ్లకు మొక్కాలి. అందులో ఏ కొంచెం తేడా వచ్చినా నాలుగూళ్ల చుట్టాలకు తెలిసిపోతుంది.

నిహారిక అప్పుడు ఒక పెళ్లి వీడియోలో తలంబ్రాల దగ్గర ఉంది. పాటలో తాళం దెబ్బకు సరిగ్గా బియ్యం గుప్పెట్లోంచి రాలేటట్టు కూర్చుతోంది. వాకిట్లో గుర్వమ్మ గొంతు వినబడగానే కుర్చీలోంచి లేచింది. గది దాటేలోపే చెంబులో నీళ్లు పోసిన చప్పుడు వినబడింది.

"నువ్వు తెచ్చినవేందే నీళ్లు?" అంటోంది గుర్వమ్మ. "కోడలేది?"

"పనిల ఉన్నది వదినె," అంది నర్సింగమ్మ.

"ఏం పని? పొయ్యి కాడ నువ్వే ఉంటివి, పెరట్ల ఎవ్వరు లేరు."

"ఆమె పని ఆమెకున్నది. ఆపితె చెడిపోతది. అయినంక అచ్చి మొక్కుతది. నువ్వు కాళ్లు కడుక్కో."

వాకిట్లో గుర్వమ్మ కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినబడింది. నిహారిక తలుపు వెనుక కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఈ ఇంట్లో పని అంటే పొయ్యి, గిన్నెలు, పాలు, వడ్లు. ఇన్నాళ్లకు ఆ మాట ఆమె చేసేదానికి దక్కింది, అదీ గుర్వమ్మ ముందర. సంతోషం పట్టలేక కళ్ల నీళ్లు వచ్చాయి. వాటిని తుడుచుకునేలోపే నర్సింగమ్మ చాయ్ గ్లాసుతో లోపలికి వచ్చి బల్ల మీద పెట్టింది.

"కూసో. ఆమె పొద్దుగూకేదాంక ఉంటది. నీది కానియ్యి."

"తలుపు దగ్గరికెయ్యనా అత్తమ్మా? ఆడికెల్లి అంతా కనవడ్తది."

నర్సింగమ్మ వెళ్తూ వెళ్తూ తలుపు రెక్కను గోడకు ఆనేదాకా తెరిచి, కదలకుండా కింద ఇటుక పెట్టింది.

"అద్దు బిడ్డా," అంది. "కనవడనియ్యి."

నిహారిక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.